వేరే గోలీలేమన్నా వేసుకుంటున్నవా అమ్మా?

కోరుట్లలో మా చిన్నమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే పక్కన ఎప్పుడూ ఒక స్టీలు డబ్బా ఉంటుంది. అందులో థైరాయిడ్ గోలీల సీసా, బీపీ గోలీల షీటు, ఆయాసం గోలీలు, గ్యాస్ గోలీలు ఉంటాయి. ఒక మూలకు గర్భసంచి ఆపరేషన్ తర్వాత రాసిచ్చిన హార్మోన్ గోలీల షీటు కూడా ఉంటుంది. ఎవరన్నా డాక్టర్ "వేరే గోలీలేమన్నా వేసుకుంటున్నవా అమ్మా?" అని అడిగితే "ఏం లేవు సారూ" అంటుంది. అది అబద్ధం కాదు. ఆమె లెక్కలో బీపీ గోలీ బీపీ డాక్టర్‌ది, ఆయాసం గోలీ ఆయాసం డాక్టర్‌ది. కానీ అన్నీ చేరేది ఒక్క కాలేయానికే. అక్కడ ఒకదాన్ని ఒకటి తొందరపెడతాయి, అడ్డుకుంటాయి, కొన్నిసార్లు పనికి రాకుండా చేస్తాయి. ఇలా పక్క మందులతో, తిండితో, జబ్బులతో ఎక్కువగా తగువు పెట్టుకునే మందుల్లో ఆ హార్మోన్ షీటులోని ఈస్ట్రోజెన్ ఒకటి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో ఇలాంటి డబ్బాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ విశేషాలు.

ముందుగా షీటు వెనక చూడాల్సిన పేర్లు. ఇథినైల్ ఈస్ట్రడయాల్, ఈస్ట్రడయాల్ వాలరేట్, కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్స్. కంపెనీ పేరు ఏదైనా, పెద్ద అక్షరాల కింద చిన్న అక్షరాల్లో వీటిలో ఒకటి ఉంటే అది ఈస్ట్రోజెన్ మందే. ఇంగ్లిష్ చదవడం రాకపోతే ఇంట్లో బడికి పోయే పిల్లలతో చదివించుకోవచ్చు. మూడో పేరుకు ఒక కథ ఉంది. అమెరికాలో 1942లో అమ్మకానికి వచ్చిన ఆ మందును చూడి గుర్రాల మూత్రం నుంచి తీశారు.

ఈస్ట్రోజెన్‌ను శుద్ధంగా మొదట వేరు చేసింది 1929లో. అమెరికాలో ఎడ్వర్డ్ డోయిజీ, జర్మనీలో అడాల్ఫ్ బ్యుటెనాంట్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, గర్భిణుల మూత్రం నుంచి ఆ పని చేశారు. డోయిజీకి నోబెల్ బహుమతి వచ్చింది 1943లో. అయితే దీనికి కాదు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె మీద చేసిన పనికి. గోలీ రూపంలో మింగిన ఈస్ట్రోజెన్‌తో వచ్చే పెద్ద ముప్పు కూడా రక్తం గడ్డకట్టడమే.

ఈస్ట్రోజెన్ అనగానే గుర్తొచ్చే కుటుంబ నియంత్రణ గోలీలు మన దగ్గర వాడేవాళ్లు తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో 60 శాతానికి పైగా ఆపరేషనే చేయించుకున్నారు. మరి ఈ ఊళ్లలోకి ఈస్ట్రోజెన్ ఎట్లా వస్తోంది? నెలసరి సరిగా రాని ఆడపిల్లలకు పీసీఓఎస్ పేరుతో రాసే షీట్లు ఒక దారి. గర్భసంచి తీసేసిన తర్వాత ఇచ్చే గోలీలు ఇంకో దారి. మూడోదాన్ని ఎవరూ ఈస్ట్రోజెన్ అనుకోరు. దాని గురించే కాస్త ఎక్కువ చెప్పాలి.

మొక్కు కోసం మింగే గోలీ

వేములవాడ రాజన్న దగ్గర కోడె మొక్కు ఉంటుంది, ధర్మపురిలో స్నానం ఉంటుంది, కొండగట్టు అంజన్న దగ్గర దీక్ష ఉంటుంది, ఆడబిడ్డ పెళ్లి ఉంటుంది, బతుకమ్మ ఉంటుంది. తేదీ దగ్గర పడుతుంటే నెలసరి కూడా అప్పుడే వచ్చేట్టుంటుంది. మెడికల్ షాపు ముందు నిలబడి గొంతు తగ్గించి "అన్నా, ఆగే గోలీలియ్యి" అంటే చాలు. అతనికి అర్థమవుతుంది. చిన్న కాగితంలో చుట్టి ఇస్తాడు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒకటి చొప్పున, నెలసరి రావాల్సిన రోజుకు మూడు రోజుల ముందు మొదలుపెట్టమంటాడు. ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. బీపీ ఉందా, కాళ్లలో ఎప్పుడన్నా గడ్డ కట్టిందా, ఒకవైపు తలనొప్పి వస్తదా అని అడిగే సందర్భం అక్కడ ఉండదు. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు, అడగడానికి అతనికీ సిగ్గే, చెప్పడానికి ఆమెకూ సిగ్గే.

ఆ గోలీ పేరు నోరెథిస్టిరోన్, 5 మిల్లీగ్రాములు. అది ప్రొజెస్టిరోన్ జాతి మందు. షీటు మీద ఈస్ట్రోజెన్ అన్న మాటే ఉండదు. కానీ లోపలికి పోయాక అందులో కొద్ది భాగం ఇథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు వేసుకుంటే, 20 నుంచి 30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ మింగినట్టే అవుతుందని లెక్కగట్టారు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ గర్భనిరోధక గోలీలో ఉండేది 30 మైక్రోగ్రాములే. అంటే ఈస్ట్రోజెన్ పడనివాళ్లకు ఈ గోలీ కూడా జాగ్రత్తగా చూసి ఇవ్వాల్సిందే. ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషి ఏడాదికి ఒకసారి నాలుగు రోజులు వేసుకుంటే భయపడాల్సిన పని లేదు. ఇంతకుముందు కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ కట్టినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లు మాత్రం షాపు మెట్ల మీద తీసుకోకూడదు. డాక్టర్ దగ్గరికి పోతే వేరే దారి దొరుకుతుంది. మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ అనే ఇంకో మందు ఇలా ఈస్ట్రోజెన్‌గా మారదు. మొక్కు తీర్చుకోవాలన్న కోరికలో తప్పేమీ లేదు. నాలుగు ప్రశ్నలు అడిగించుకుని తీర్చుకోవాలనే నా తపన.

టీబీ మందు పడితే

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములు కూడా సాంచాల లాంటివే. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ పడగానే కాలేయం ఆ సాంచాల సంఖ్యను పెంచేస్తుంది. వాటి పాలబడిన ఈస్ట్రోజెన్ పని మొదలుపెట్టకముందే ముక్కలైపోతుంది. రిఫాంపిసిన్ తీసుకుంటున్న ఆడవాళ్లకు గర్భనిరోధక గోలీలు వాడుతున్నా నెల మధ్యలో రక్తం కనిపిస్తోందని 1971లో జర్మనీ డాక్టర్లు గమనించడంతో ఈ సంగతి బయటపడింది. గోలీ వాడుతూనే గర్భం నిలిచిన కేసులూ వచ్చాయి.

మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ రిఫాంపిసిన్ ఉంటుంది. మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తే అది ఒంట్లోకి చేరిందన్న గుర్తు. మందు ఆపేసిన రోజే సాంచాలు ఆగవు, ఇంకో నాలుగు వారాలు ఆడుతూనే ఉంటాయి. కాబట్టి టీబీ మందులు వాడినన్ని రోజులు, ఆ తర్వాత ఒక నెల, గోలీల మీద భరోసా పెట్టుకోకూడదు. కాపర్-టీ, అంతర అనే గర్భనిరోధక సూది ఈ దెబ్బ తినవు. నిరోధ్ కూడా అంతే. తంబాకు దుమ్ములో కూర్చుని దగ్గుతూ, దగ్గును దుమ్ము మీదకే నెట్టేసి, ఆలస్యంగా టీబీ బయటపడే ఆడవాళ్లు మన దగ్గర ఉన్నారు. వాళ్లకు టీబీ గోలీలు ఇచ్చే చేతులే ఈ మాట కూడా చెప్పాలి.

ఫిట్స్‌కు ఇచ్చే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ కూడా ఇలాగే సాంచాలు పెంచుతాయి. లామోట్రిజిన్ దగ్గర కథ తలకిందులవుతుంది. అక్కడ దెబ్బ తినేది ఫిట్స్ మందే. ఈస్ట్రోజెన్ గోలీ వేసుకుంటున్న రోజుల్లో రక్తంలో లామోట్రిజిన్ దాదాపు సగానికి పడిపోతుంది, షీటులో హార్మోన్ లేని ఏడు రోజుల్లో మళ్లీ లేస్తుంది. బాగా తగ్గిపోయిన ఫిట్స్ ఒక్కసారిగా తిరగబెడితే, కొత్తగా ఏ గోలీ మొదలైందో అడగాల్సింది అందుకే. తామరకు నెలల తరబడి మింగే గ్రిసియోఫుల్విన్ కూడా గోలీ బలాన్ని తగ్గిస్తుంది.

జ్వరానికో పంటినొప్పికో రాసే అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్స్ గోలీని చెడగొడతాయని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదని తేలింది. గోలీ వేసుకున్న రెండు మూడు గంటల లోపే వాంతి అయితే మాత్రం అది లెక్కలోకి రాదు, ఇంకోటి వేసుకోవాలి.

ఇనుము, థైరాయిడ్, ఒకే షీటు

మాలా-ఎన్ షీటు చేతిలోకి తీసుకుని చూడండి. 28 గోలీలు ఉంటాయి. 21 తెల్లవి, ఏడు ముదురు రంగువి. తెల్లవాటిలో హార్మోన్లు ఉంటాయి. ముదురు రంగువాటిలో హార్మోన్ ఉండదు, ఇనుము ఉంటుంది. రోజూ వేసుకునే అలవాటు తప్పకుండా, రక్తం తక్కువ కాకుండా అలా చేశారు. ఇక్కడ చాలామంది చూడని చిక్కు ఒకటుంది. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ గోలీ వేసుకునేవాళ్లు, గుర్తుంటుందని దాంతోపాటే ఈ షీటులోంచి కూడా ఒకటి మింగుతారు. మూడు వారాలు బాగానే ఉంటుంది. నాలుగో వారం ఇనుము వచ్చి థైరాయిడ్ మందును కడుపులోనే పట్టుకుంటుంది, ఒంటికి పట్టనివ్వదు. రెంటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. షీటును రాత్రి అన్నం తర్వాతకు మార్చుకుంటే గొడవే ఉండదు.

ఈస్ట్రోజెన్ కూడా థైరాయిడ్‌ను వేరే దారిలో ఇబ్బంది పెడుతుంది. నోటితో మింగిన ఈస్ట్రోజెన్ మొదట కాలేయానికి పోయి, థైరాయిడ్ హార్మోన్‌ను మోసే ఒక ప్రొటీన్‌ను ఎక్కువగా తయారు చేయిస్తుంది. హార్మోన్ దానికి అతుక్కుపోతే ఒంటికి అందేది తగ్గుతుంది. థైరాయిడ్ బాగున్నవాళ్లలో గ్రంథి ఇంకొంచెం తయారు చేసి సర్దుకుంటుంది. గోలీ మీద బతికేవాళ్లకు ఆ వీలు లేదు, డోసు పెంచాల్సి రావచ్చు. కొత్తగా ఈస్ట్రోజెన్ గోలీ మొదలుపెట్టినాక నీరసం, మలబద్ధకం, ఒళ్లు బరువు వస్తే వయసు మీద నెట్టేయకుండా ఆరు నుంచి పన్నెండు వారాల్లో టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి. చర్మానికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్, అతికించుకునే పట్టీ కాలేయాన్ని ముందుగా తాకవు కాబట్టి ఈ తంటా తేవు.

చాయ్, కల్లు, పసుపు

బీడీలు చుట్టేవాళ్లకు చాయ్ లేకుండా వెయ్యి పూర్తి కాదు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక గోలీ వేసుకుంటే చాయ్‌లోని కెఫీన్ ఒంట్లో దాదాపు రెండింతల సేపు ఉంటుంది. మామూలుగా ఐదారు గంటల్లో సగమయ్యేది పది గంటలకు గానీ కాదు. సాయంత్రం ఐదింటి చాయ్ అర్ధరాత్రి గుండె దడగా మిగులుతుంది. కెఫీన్‌కు చుట్టమే థియోఫిలిన్, ఆయాసానికి వాడే పాత మందు. గోలీ వల్ల అది కూడా దాదాపు మూడో వంతు నెమ్మదిగా బయటికి పోతుంది. ఒంట్లో పేరుకుంటే వికారం, చేతుల వణుకు, గుండె దడ. ఆయాసం మందు డబ్బాలోనే హార్మోన్ షీటు కూడా ఉంటే ఈ సంగతి తెలిసి ఉండాలి. ప్రెడ్నిసొలోన్ కూడా ఇలాగే ఆలస్యంగా బయటికి పోతుంది.

కల్లు సంగతికి వస్తే, ఈస్ట్రడయాల్ గోలీ వాడుతున్న ముట్లుడిగిన ఆడవాళ్లకు మద్యం ఇచ్చి చూస్తే రక్తంలో ఈస్ట్రడయాల్ దాదాపు మూడు రెట్లకు పెరిగిందని 1996లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన చెప్పింది. మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. కల్లులో అల్ప్రాజోలం కలుపుతూ పట్టుబడిన కేసులు తెలంగాణలో ఎన్నో. అల్ప్రాజోలం కూడా గర్భనిరోధక గోలీలతో కలిస్తే నెమ్మదిగా బయటికి పోతుంది. ఒంట్లో దాదాపు మూడో వంతు ఎక్కువ సేపు ఉంటుంది. పండగ పూట చుట్టాలతో కలిసి రెండు గ్లాసులు తాగిన ఆడమనిషి తెల్లారి కూడా తూలుతుంటే, అందరికీ ఒకే కుండ కల్లు పోసినా ఆమెకే ఎందుకట్లయిందో ఎవరికీ అర్థం కాదు.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పసుపు పండే నేలలు. కూరలో పడే పసుపుతో ఏ హార్మోన్ మందుకూ భయం లేదు. పసుపు సారాన్ని మిరియాల సారంతో కలిపి గోలీలుగా అమ్మడం వేరు. మిరియాల్లోని పైపెరిన్ తోడైతే కర్క్యుమిన్ ఒంటికి పట్టడం 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో చూపించారు. మందులను విరగ్గొట్టే ఎంజైములను పైపెరిన్ అడ్డుకోవడం వల్లే అలా అవుతుంది. కర్క్యుమిన్‌కు వేసిన ఆ అడ్డు పక్క మందులకూ తగలొచ్చు. కాబట్టి ఆ గోలీ కూడా డాక్టర్‌కు చూపించాల్సిన మందే. సంక్రాంతి సకినాల్లోని నువ్వుల్లోనూ, అవిసె గింజల్లోనూ ఈస్ట్రోజెన్‌ను పోలిన లిగ్నాన్లు ఉన్నాయి. తిండి మోతాదులో అవి ఎవరినీ ఏమీ చేయవు, సకినాలు హాయిగా తినొచ్చు.

గ్రేప్‌ఫ్రూట్ రసం తాగితే ఇథినైల్ ఈస్ట్రడయాల్ రక్తంలో పెరుగుతుంది. ఆ పండు మన సంతల్లో కనిపించదు. దాని తల్లి పంపరపనస, అందులోనూ అదే జాతి పదార్థాలు ఉన్నాయి. రోజూ తాగే బత్తాయి రసంతో ఈ గొడవ లేదు.

ఎవరికి పడదు

ఈస్ట్రోజెన్ ఉన్న గోలీల్లాంటి గర్భనిరోధకాలు ఎవరికి పడతాయో, ఎవరికి పడవో చెప్పే ఒక జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996 నుంచి నడుపుతోంది. 1 అంటే నిశ్చింతగా వాడొచ్చు, 4 అంటే ముట్టుకోవద్దు. 35 ఏళ్లు దాటి రోజుకు 15 సిగరెట్లు తాగేవాళ్లు నాలుగో వరుసలో ఉంటారు. బీడీలు చుట్టేవాళ్ల సంగతి జాబితాలో లేదు. తంబాకు ముట్టుకునేవాళ్ల మూత్రంలో మాత్రం నికోటిన్ ఆనవాళ్లు కనిపిస్తాయి. అందుకే "నేను తాగను" అన్న మాటతో ఆపకుండా "చుడతాను" అని కూడా డాక్టర్‌కు చెప్పాలి.

బీపీ 160/100 ఉన్నా, కళ్ల ముందు వంకర మెరుపు గీతలు కనిపించాక తలనొప్పి వచ్చినా, రొమ్ము క్యాన్సర్ ఉన్నా ఈస్ట్రోజెన్ కలిసిన గోలీలు వద్దు. పచ్చకామెర్లు ముదిరి ఉన్నప్పుడు కొత్తగా మొదలుపెట్టకూడదు. పసరు తాగుతున్నా సరే, కామెర్లు తగ్గాయో లేదో రక్తపరీక్షతోనే తెలుస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెట్టినవాళ్లకు, అంటే కాలేయంలో పైత్యరసం నిలిచినవాళ్లకు, గోలీతో అదే దురద తిరిగి రావచ్చు. కాన్పయి చంటిబిడ్డకు పాలిచ్చే తల్లికి ఆరు నెలల దాకా ఇది సరైన మందు కాదు. ఆశ కార్యకర్త దగ్గర దొరికే ఛాయ గోలీలో ఈస్ట్రోజెన్ లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన మందు అది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి.

ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పి పెడితే మన దగ్గర "బెణికింది" అనో "బోదకాలేమో" అనో నూనె రాసి రుద్దుతారు. హార్మోన్ గోలీలు వాడే మనిషికి అలా అయితే రుద్దకూడదు, అదే రోజు ఆస్పత్రికి పోవాలి. సిర లోపల గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోగలదు. ఈ గోలీలు వాడుతూ, గల్ఫ్‌లో ఉన్న భర్త దగ్గరికి మొదటిసారి పోతున్న ఆడవాళ్లు, శంషాబాద్ దాకా రాత్రంతా కారులో, తర్వాత విమానంలో కాళ్లు కదపకుండా కూర్చుంటారు. వాళ్లు మధ్యమధ్య లేచి నడవాలి, నీళ్లు తాగాలి. పెద్ద ఆపరేషన్ ఉంటే నాలుగు వారాల ముందే గోలీ ఆపమంటారు.

గర్భసంచి తీయించుకున్నవాళ్లు మన రాష్ట్రంలో ఎక్కువ. 2015–16 సర్వేలో దేశమంతా చూస్తే 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 3 శాతం పైచిలుకు ఉంటే, తెలంగాణలో 7 శాతం దాటారు. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదు నలభై ఏళ్లకే ముట్లుడిగినట్టు అవుతుంది. ఒళ్లంతా సెగలు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం. వాళ్లకు ఈస్ట్రోజెన్ నిజంగా అవసరమైన మందు. గర్భసంచి లేనివాళ్లకు ఒక్క ఈస్ట్రోజెన్ చాలు. గర్భసంచి ఉన్నవాళ్లకు ప్రొజెస్టిరోన్ తోడు లేకుండా ఇస్తే లోపలి పొరలో క్యాన్సర్ పుట్టే ముప్పు పెరుగుతుందని 1975లోనే బయటపడింది. అందుకే పక్కింటి వదినె షీటు తనకూ పనికొస్తుందని తెచ్చుకోకూడదు.

ట్రాన్స్‌జెండర్ మహిళలు డాక్టర్ దగ్గరికి పోతే ఏమంటారోనన్న భయంతో షాపులో గర్భనిరోధక గోలీలు కొని రోజుకు నాలుగైదు మింగడం తెలిసిన విషయమే. అందులోని ఇథినైల్ ఈస్ట్రడయాల్ ఆ మోతాదులో గడ్డలు కట్టించడానికి పేరుమోసింది. వైద్యులు ఇచ్చేది ఈస్ట్రడయాల్, దాంతోపాటు చాలాసార్లు స్పైరోనోలాక్టోన్. ఈ రెండోది ఒంట్లో పొటాషియం నిలుపుతుంది. కిడ్నీ బాగా లేనివాళ్లు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ గోలీ వాడేవాళ్లు దాంతో పొటాషియం ఉండే కొబ్బరినీళ్లు బొండాలకు బొండాలు తాగకూడదు. పీసీఓఎస్‌కు ఇచ్చే కొన్ని షీట్లలోని డ్రోస్పిరినోన్‌కు కూడా ఇదే గుణం ఉంది.

ఏ మందుతోనైనా చెడు జరిగిందనిపిస్తే రోగులు కూడా చెప్పుకోవచ్చు. 2010లో మొదలైన భారత ఔషధ భద్రతా కార్యక్రమం వాళ్ల ఉచిత నంబరు 1800-180-3024.

ఈసారి చిన్నమ్మ ఆస్పత్రికి పోయేటప్పుడు డబ్బాకు డబ్బానే సంచిలో పెట్టి పంపాము. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద బోర్లించి, ఒక్కో షీటు తిప్పి చదివింది. ఆయాసం గోలీని పక్కన పెట్టి పీల్చే మందు రాసింది, హార్మోన్ గోలీకి బదులు జెల్ రాసింది, టీఎస్‌హెచ్‌కు రక్తం తీయించింది. "ఇన్ని గోలీలున్నయని ఎందుకు చెప్పలే అమ్మా?" అంటే చిన్నమ్మ, "నువ్వు వేరేవి అడిగినవ్ బిడ్డా, ఇవన్నీ నావే గద" అన్నది.